కైరోలో చదివి టోక్యోను ఏలుతున్న యురికో కొయికే: అరబీ ఇచ్చిన ఎదుగుదల, మిగిలిపోయిన ప్రశ్నలు

జపాన్ రాజధాని టోక్యోకు 2016 నుంచి గవర్నర్‌గా ఉన్న యురికో కొయికే చదువుకున్నది కైరోలో. ఆమె అరబీలో మాట్లాడగలరు. అరబ్ నాయకుల ముందు దుబాసీగా కూర్చున్న అనుభవం కూడా ఉంది. ముస్లింల జనాభా చాలా తక్కువగా ఉన్న ఒక దేశంలో, అరబీ పునాదిగా రాజకీయంగా ఇంత ఎత్తుకు ఎదిగిన నేత మరొకరు కనిపించరు.

అందుకే అప్పుడప్పుడు మన వాట్సాప్ గ్రూపుల్లో ఆమె గురించి గొప్పగా చెప్పుకునే మెసేజ్‌లు తిరుగుతుంటాయి. అరబీ వచ్చిన నాయకురాలు కాబట్టి మనవాళ్ల పట్ల సానుభూతి ఉంటుందని, మైనారిటీల బాధ తెలిసి ఉంటుందని అనుకోవడం సహజం. ఆమె రాజకీయ జీవితాన్ని మొదటి నుంచి చూస్తే ఆ నమ్మకం ఎంతవరకు నిలుస్తుంది?

చమురు కాలంలో అరబీ చదువు

కొయికే 1952 జూలై 15న హ్యోగో ప్రాంతంలోని అషియాలో పుట్టారు. తండ్రి చమురు వ్యాపారంలో ఉండేవారు. 1969లో పార్లమెంటుకు పోటీ చేసి ఓడిపోయారు. తండ్రి వ్యాపారం వల్ల ఇంట్లో అరబ్ దేశాల మాట వినిపిస్తూ ఉండేది. జపాన్‌లో చేరిన కాలేజీని కొయికే 1971లో మధ్యలోనే వదిలేసి ఈజిప్టు వెళ్లారు. ముందు అక్కడి అమెరికన్ యూనివర్సిటీలో అరబీ నేర్చుకుని, తర్వాత కైరో యూనివర్సిటీలో సోషియాలజీ చదివారు.

ఆమె ఎంచుకున్న సమయం కలిసి వచ్చింది. 1973 అక్టోబరులో అరబ్-ఇజ్రాయెల్ యుద్ధం జరిగింది. అరబ్ దేశాలు చమురును ఆయుధంగా వాడాయి. చమురంతా బయటి నుంచే తెచ్చుకునే జపాన్ గిలగిలలాడింది. ఆ ఏడాది నవంబరులో జపాన్ ప్రభుత్వం తన విధానాన్ని అరబ్ దేశాల వైపు మార్చుకోవాల్సి వచ్చింది. కంపెనీలకు, టీవీ చానళ్లకు, ప్రభుత్వానికి అరబీ తెలిసినవాళ్లు కావాల్సి వచ్చారు. కానీ ఉన్నది పిడికెడు మంది. కామర్స్ లెక్కలో చెప్పాలంటే డిమాండ్ ఒక్కసారిగా పెరిగింది, సప్లై మాత్రం లేదు. ఆ ఖాళీలో కొయికే నిలబడ్డారు.

దుబాసీగా పని మొదలుపెట్టిన ఆమె, 1970ల చివర్లో లిబియా నేత గడాఫీ, పాలస్తీనా నేత యాసర్ అరాఫత్‌లతో జపాన్ టీవీ చేసిన ఇంటర్వ్యూలలో పాలుపంచుకున్నారు. కిమోనో కట్టి పిరమిడ్ ఎక్కిన అనుభవం మీద ఒక పుస్తకం కూడా రాశారు. 1988 నుంచి టీవీ టోక్యోలో వ్యాపార వార్తల యాంకర్‌గా ఇంటింటికీ తెలిసిన ముఖం అయ్యారు. వార్తను నలుగురికీ అర్థమయ్యేలా చిన్న మాటలో చెప్పడం అక్కడ నేర్చుకున్నదే. తర్వాత ఆమె రాజకీయమంతా ఆ నేర్పు మీదే నడిచింది.

పార్టీలు మారుతూ

1992లో మొరిహిరో హోసొకావా కొత్తగా పెట్టిన జపాన్ న్యూ పార్టీ తరఫున ఆమె ఎగువ సభకు, మరుసటి ఏడాది దిగువ సభకు ఎన్నికయ్యారు. 1955 నుంచి ఏకధాటిగా పాలిస్తున్న లిబరల్ డెమోక్రటిక్ పార్టీ, అంటే ఎల్‌డీపీ, 1993లో తొలిసారి అధికారం పోగొట్టుకుంది. హోసొకావా ప్రధాని అయ్యారు. కానీ ఆ కూటమి ఎక్కువ కాలం నిలవలేదు. కొయికే న్యూ ఫ్రాంటియర్ పార్టీలోకి, అక్కడి నుంచి లిబరల్ పార్టీలోకి, తర్వాత కన్జర్వేటివ్ పార్టీలోకి వెళ్లి, చివరికి 2002లో ఎల్‌డీపీలోనే చేరారు. పదేళ్లలో ఐదు పార్టీలు. మన దగ్గర కండువాలు మార్చే నాయకులను చూసినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. జపాన్‌లో మాత్రం గాలివాటం నాయకురాలన్న పేరు అప్పటి నుంచే ఆమెకు అంటుకుంది.

ప్రధాని జునిచిరో కొయిజుమి 2003లో ఆమెను పర్యావరణ మంత్రిని చేశారు. 2005 వేసవిలో ఆమె హయాంలో మొదలైన కూల్ బిజ్ కార్యక్రమం ఇప్పటికీ నడుస్తోంది. ఆఫీసుల్లో ఏసీ 28 డిగ్రీల దగ్గర పెట్టడం, కోటు, టై లేకుండా పనికి రావడం అందులోని అసలు విషయం. ఖర్చు లేదు, చట్టం లేదు, ఆచరణ మాత్రం దేశమంతా పాకింది.

అదే ఏడాది పోస్టల్ ప్రైవేటీకరణ బిల్లుకు సొంత పార్టీ ఎంపీలే అడ్డుపడటంతో కొయిజుమి సభను రద్దు చేసి ఎన్నికలకు వెళ్లారు. తిరుగుబాటు ఎంపీల మీద గట్టి అభ్యర్థులను దింపారు. మీడియా వాళ్లను 'హంతకులు' అని పిలిచింది. అలా దిగినవారిలో కొయికే ప్రముఖురాలు. తన హ్యోగో ప్రాంతం వదిలి టోక్యో 10వ నియోజకవర్గంలో పోటీ చేసి గెలిచారు. ఈ పందెంతోనే రాజధాని రాజకీయం ఆమె సొంతమైంది.

2007 జూలైలో ఆమె జపాన్ తొలి మహిళా రక్షణ మంత్రి అయ్యారు. ఆ పదవిలో ఉన్నది రెండు నెలలు కూడా కాదు. శాఖలో ఏళ్ల తరబడి చక్రం తిప్పిన అధికారి తకెమసా మోరియాను మార్చాలని ఆమె పట్టుబట్టడంతో పెద్ద గొడవ జరిగింది. ఆగస్టు చివరలో ఆమె పదవి వదిలారు. కొన్ని నెలలకే మోరియా లంచం కేసులో అరెస్టయ్యారు. 2008లో ఎల్‌డీపీ అధ్యక్ష పదవికి పోటీ చేసిన తొలి మహిళగా నిలిచి 46 ఓట్లతో మూడో స్థానం తెచ్చుకున్నారు. గెలిచిన తారో అసోకు 351 ఓట్లు వచ్చాయి. 2012లో షింజో అబేకు పోటీగా నిలిచిన షిగెరు ఇషిబాకు మద్దతిచ్చారు. అబే గెలిచారు. ఆ తర్వాత నాలుగేళ్లు కొయికే పార్టీలో పక్కకు తోయబడ్డారు.

పార్టీ వద్దన్నా గెలిచారు

టోక్యోలో ఇద్దరు గవర్నర్లు డబ్బు వ్యవహారాల వల్ల వరసగా రాజీనామా చేశారు. 2013 డిసెంబరులో నవోకి ఇనొసే, 2016 జూన్‌లో యోఇచి మసుజోయె. జనం విసిగిపోయి ఉన్నారు. కొయికే పార్టీ అనుమతి కోసం ఆగకుండా బరిలో దిగారు. ఎల్‌డీపీ హిరోయా మసుదాను నిలబెట్టింది. పార్టీ నిలబెట్టని అభ్యర్థికి పనిచేస్తే కార్యకర్తలే కాదు, వాళ్ల బంధువులు సాయం చేసినా చర్య ఉంటుందని టోక్యో శాఖ సర్క్యులర్ పంపింది. మాజీ గవర్నర్ షింతారో ఇషిహారా ఆమె మేకప్ మీద చులకనగా మాట్లాడారు. ఆ మాటలు తిరగబడి ఆమెకే కలిసొచ్చాయి. ఆకుపచ్చ వస్తువు ఏదైనా పట్టుకుని సభలకు రమ్మన్నారు. వీధులు ఆకుపచ్చగా మారాయి. జూలై 31న 29 లక్షలకు పైగా ఓట్లతో ఆమె టోక్యో తొలి మహిళా గవర్నర్ అయ్యారు. మసుదాకు దాదాపు 18 లక్షలు వచ్చాయి.

ఇది చిన్న పదవి కాదు. టోక్యో జనాభా దాదాపు 1.4 కోట్లు. 2025 ఆర్థిక సంవత్సరంలో సాధారణ ఖాతా బడ్జెట్టే 9 లక్షల కోట్ల యెన్‌లు దాటింది. మన రూపాయల్లో ఐదు లక్షల కోట్లకు పైనే. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ బడ్జెట్లు ఒక్కొక్కటి మూడు లక్షల కోట్ల రూపాయల పైచిలుకు అని గుర్తుంచుకుంటే ఆ కుర్చీ బరువు తెలుస్తుంది.

రాగానే తన జీతం సగానికి తగ్గించుకున్నారు. సుకిజి చేపల మార్కెట్‌ను తొయొసుకు మార్చే పనిని ఆపేశారు. పాత గ్యాస్ ఫ్యాక్టరీ స్థలంలో కట్టిన కొత్త మార్కెట్ భవనాల కింద వేయాల్సిన శుభ్రమైన మట్టి వేయలేదని బయటపడింది. బాధ్యులైన అధికారుల మీద చర్యలు తీసుకున్నారు. 2016 నవంబరులో కావాల్సిన మార్పు చివరికి 2018 అక్టోబరు 11న జరిగింది. ప్రశ్న వేసినందుకు జనం మెచ్చుకున్నారు. రెండేళ్ల ఆలస్యానికి నష్టపోయిన వ్యాపారులు నొచ్చుకున్నారు.

ఒక్క మాటతో చేజారిన ఢిల్లీ దర్బారు

2017 జూలైలో ఆమె ప్రాంతీయ పార్టీ 'తొమిన్ ఫస్ట్' టోక్యో అసెంబ్లీ ఎన్నికల్లో దుమ్ము దులిపింది. 127 సీట్లలో ఎల్‌డీపీకి 23 మాత్రమే మిగిలాయి. అంతకుముందు దాని బలం 57. ఆ ఊపులో సెప్టెంబరులో జాతీయ స్థాయిలో 'హోప్ పార్టీ' పెట్టారు. ప్రధాన ప్రతిపక్షమైన డెమోక్రటిక్ పార్టీ ఏకంగా ఈ పార్టీలో కలిసిపోవడానికి సిద్ధపడింది. జపాన్‌కు తొలి మహిళా ప్రధాని వచ్చేసినట్టే అని పత్రికలు రాశాయి.

అప్పుడే ఒక ప్రెస్ మీట్‌లో, రక్షణ చట్టాలు, రాజ్యాంగ సవరణ విషయంలో తమ విధానం ఒప్పుకోనివాళ్లను ఏం చేస్తారని అడిగితే, వాళ్లను మినహాయిస్తామని తేల్చి చెప్పారు. ఆ ఒక్క మాట మీడియాలో మోగిపోయింది. బయటపడ్డవాళ్లు యుకియో ఎదానో నాయకత్వంలో కొత్త పార్టీ పెట్టుకున్నారు. అక్టోబరు 22న ఓట్లు లెక్కిస్తే ఎదానో పార్టీకి 55, కొయికే పార్టీకి 50. ఎల్‌డీపీ 280కి పైగా సీట్లతో హాయిగా కూర్చుంది. ఆ రోజు కొయికే ప్యారిస్‌లో ఒక అంతర్జాతీయ సమావేశంలో ఉన్నారు. నవంబరులో పార్టీ నాయకత్వం వదిలేశారు. హైదరాబాద్ కుర్చీలో కూర్చుని ఢిల్లీ వైపు చూసి బోల్తా పడ్డ నాయకులు మనకూ తెలుసు.

ఆమెకు అందని ప్రధాని పదవి 2025 అక్టోబరు 21న సనయె తకాయిచికి దక్కింది. అంటే ఎల్‌డీపీ అధ్యక్ష పదవికి తొలి మహిళగా కొయికే పోటీ చేసిన 17 ఏళ్లకు.

పద్దు చూస్తే

గవర్నర్‌గా మాత్రం ఆమె కదలలేదు. 2020 జూలైలో 36 లక్షలకు పైగా ఓట్లతో రెండోసారి, 2024 జూలై 7న 29 లక్షలకు పైగా ఓట్లతో మూడోసారి గెలిచారు. కరోనా సమయంలో గాలి ఆడని చోటు, గుంపు, దగ్గరగా నిలబడి మాట్లాడటం ఈ మూడూ వద్దంటూ ఆమె ఇచ్చిన నినాదం జపాన్‌లో ఆ ఏటి మేటి మాటగా ఎంపికైంది. ఒలింపిక్స్ ఏడాది వాయిదా పడి 2021లో దాదాపు ప్రేక్షకులు లేకుండానే జరిగాయి.

2016లో ఆమె 'ఏడు సున్నాలు' ఇస్తానన్నారు. క్రెష్ సీటు కోసం ఎదురుచూసే పిల్లలు సున్నా, కిక్కిరిసిన రైళ్లు సున్నా, కరెంటు స్తంభాలు సున్నా, ఓవర్‌టైమ్ సున్నా ఇలా. లెక్క చూస్తే క్రెష్ కోసం వేచి ఉన్న పిల్లల సంఖ్య 8 వేల పైనుంచి కొన్ని వందలకు దిగింది. ఇది నిజమైన పని. రైళ్లు ఇంకా కిక్కిరిసే ఉన్నాయి, స్తంభాలు ఇంకా నిలబడే ఉన్నాయి.

18 ఏళ్ల లోపు ప్రతి బిడ్డకూ నెలకు 5 వేల యెన్‌లు ఇస్తున్నారు. తల్లిదండ్రుల ఆదాయం ఎంతన్నది అడగరు. హైస్కూల్ ఫీజు సాయానికి కూడా ఆదాయ పరిమితి తీసేశారు. 2025 ఏప్రిల్ నుంచి నగర ప్రభుత్వ ఉద్యోగులు వారానికి నాలుగు రోజులు పనిచేసే వీలు కల్పించారు. ఇంత చేసినా ఒక్కో మహిళకు సగటున పుట్టే పిల్లల లెక్క 2023లో టోక్యోలో 0.99కి పడిపోయింది. దేశంలో ఒకటి కన్నా తగ్గిన ఏకైక ప్రాంతం అదే. డబ్బున్న టోక్యో ఇలా పంచుతుంటే తమ యువత అటే పోతోందని పక్క జిల్లాలు గొణుగుతున్నాయి.

డిగ్రీ మీద ముసురు

అరబీ చదువు ఆమెకు పేరు తెచ్చింది, అదే చదువు మీద అనుమానాలూ వదలడం లేదు. కైరోలో ఆమె నిజంగా డిగ్రీ పూర్తి చేశారా అన్న ప్రశ్న చాలాకాలంగా ఉంది. 2020లో తయెకో ఇషీ రాసిన జీవిత కథ దీన్ని మళ్లీ రగిలించింది. ఆ జూన్‌లో కైరో యూనివర్సిటీ, 1976 అక్టోబరులో ఆమె పట్టా పొందారని ప్రకటన ఇచ్చింది. టోక్యోలోని ఈజిప్టు రాయబార కార్యాలయం దాన్ని ప్రచురించింది. 2024 ఏప్రిల్‌లో ఆమె దగ్గర పనిచేసిన తొషిరో కొజిమా, ఆ ప్రకటన తయారీలో కొయికే వైపు వాళ్ల చేయి ఉందని ఒక పత్రికలో ఆరోపించారు. ఆమె ఖండించారు. యూనివర్సిటీ తన మాట మీదే ఉంది.

అసలు ప్రశ్న ఇంకోటి ఉంది. ఒక విదేశీ ప్రభుత్వ యూనివర్సిటీ మాట మీద ఒక నాయకురాలి పరువు ఆధారపడితే, ఆ దేశం విషయంలో ఆమె స్వేచ్ఛగా మాట్లాడగలరా అని విమర్శకులు అడుగుతున్నారు. డిగ్రీ నిజమైనా ఈ ప్రశ్న పోదు.

సెప్టెంబరు 1న రాని సందేశం

మైనారిటీ కుటుంబాలు ఆమె గురించి తప్పక తెలుసుకోవాల్సిన విషయం ఇది. 1923 సెప్టెంబరు 1న టోక్యో ప్రాంతంలో వచ్చిన భూకంపంలో లక్ష మందికి పైగా చనిపోయారు. కొరియన్లు బావుల్లో విషం కలుపుతున్నారని, ఇళ్లు తగలబెడుతున్నారని పుకార్లు పుట్టాయి. వీధి గుంపులు, కొన్ని చోట్ల పోలీసులు, సైనికులు కూడా కలిసి కొరియన్లను వెతికి చంపారు. చైనీయులనూ చంపారు. జపాన్ ప్రభుత్వ కమిటీ నివేదిక ప్రకారం మొత్తం మృతుల్లో ఒక శాతం నుంచి కొన్ని శాతం వరకు ఇలా హత్యకు గురైనవాళ్లే. ఆరు వేల మంది అన్న లెక్క కూడా విస్తృతంగా వాడుకలో ఉంది. పుకారుతో చంపడం అంటే ఏమిటో మన దేశంలో ఎవరికీ వివరించనక్కర్లేదు.

సుమిదా వార్డులోని యొకోఅమిచో పార్కులో 1973లో వీళ్ల కోసం స్మారక శిల పెట్టారు. ఏటా సెప్టెంబరు 1న అక్కడ సంతాప సభ జరుగుతుంది. టోక్యో గవర్నర్లు సందేశం పంపేవారు. విదేశీయుల గురించి కటువుగా మాట్లాడిన ఇషిహారా కూడా పంపారు. కొయికే 2016లో పంపారు. 2017 నుంచి మానేశారు. భూకంపంలో చనిపోయిన అందరికీ వేరే సభలో నివాళి ఇస్తున్నాను కదా అన్నది ఆమె వాదన. ప్రకృతి చంపినవాళ్లు, మనుషులు చంపినవాళ్లు ఒకటే ఎలా అవుతారన్నది బాధితుల వైపు వాళ్ల జవాబు. 2023లో వందేళ్లు నిండినప్పుడూ సందేశం రాలేదు.

టోక్యో ముస్లింల కథ కూడా ఒకటి ఉంది. 2010లో నగర పోలీసుల రహస్య ఫైళ్లు ఇంటర్నెట్‌లోకి లీకయ్యాయి. మస్జిద్‌లకు వచ్చేవాళ్ల పేర్లు, ఫొటోలు, కుటుంబ వివరాలు వాటిలో ఉన్నాయి. నేరం చేశారని కాదు, ముస్లింలు అయినందుకే నిఘా పెట్టారని 17 మంది కోర్టుకు వెళ్లారు. లీక్ జరిగినందుకు 9 కోట్ల యెన్‌ల పరిహారం ఇమ్మని 2014లో టోక్యో జిల్లా కోర్టు తీర్పు ఇచ్చింది. నిఘాను మాత్రం తప్పు పట్టలేదు. 2016 మేలో సుప్రీంకోర్టు అప్పీలు కొట్టేసింది. ఇది కొయికే రాకముందు జరిగింది, ఆమె నిర్ణయం కాదు. కానీ ఆ పోలీసు శాఖ నడిచేది ఆమె సంతకం చేసే బడ్జెట్‌తోనే.

2025 ఆగస్టులో ఇంకో పరీక్ష వచ్చింది. ఉద్యోగ శిక్షణ రంగంలో సహకారం కోసం టోక్యో ప్రభుత్వం ఈజిప్టు వైపు వ్యాపార మండలితో ఒప్పందం చేసుకుంది. ఈజిప్టు నుంచి వలసలకు తలుపులు తెరుస్తున్నారంటూ నగర కార్యాలయం ముందు నిరసనలు జరిగాయి. 'జపనీయులే ఫస్ట్' అనే పార్టీ అంతకు నెల ముందే ఎగువ సభ ఎన్నికల్లో 14 సీట్లు తెచ్చుకుని ఉంది. వలసలను పెంచడం తమ ఉద్దేశం కాదని కొయికే వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. 'టోక్యోవాసులే ఫస్ట్' అన్న నినాదంతో ఎదిగిన నాయకురాలికి, ఇంకొకరు అదే మాటను విదేశీయుల మీదకు తిప్పితే ఏమవుతుందో అప్పుడు తెలిసొచ్చి ఉండాలి.

మనం ఏం తీసుకోవాలి

కొయికే జీవితంలో మన పిల్లలకు పనికొచ్చే విషయం ఒకటి స్పష్టంగా ఉంది. అరబీ చదవడం మనకు చిన్నప్పటి నుంచి ఉంది. తెలుగు రాష్ట్రాల నుంచి గల్ఫ్‌కు వెళ్లేవాళ్లూ లక్షల్లో ఉన్నారు. అయినా అక్షరాలు గుర్తుపట్టి తిలావత్ చేయడం దగ్గరే చాలామంది ఆగిపోతారు. మాట్లాడే అరబీ, వ్యాపార అరబీ, అనువాదం వైపు వెళ్లేవాళ్లు తక్కువ. ఇస్లాంతో సంబంధం లేని ఒక అమ్మాయి 19 ఏళ్ల వయసులో కైరో వెళ్లి ఆ భాషను తన బతుకుదెరువుగా మార్చుకుంది. మన ఇళ్లలో ఆ భాషకు సగం పునాది ముందే పడి ఉంది.

రెండోది జాగ్రత్త. ఒక నాయకుడికి మన భాష వస్తే, మన పండగకు ముబారక్ చెబితే, ఇఫ్తార్‌కు వస్తే మనవాడే అనుకోవడం అలవాటైంది. భాష పరిచయాన్ని ఇస్తుంది, పక్షాన్ని ఇవ్వదు. బలహీనుల వైపు నిలబడ్డారా లేదా అన్నది ఓటు, బడ్జెట్, సంతకం చూసి తేల్చుకోవాలి. కొయికే విషయంలో పిల్లల పథకాల సంతకం ఒక పక్క ఉంది, 2017 నుంచి రాయని ఒక చిన్న సంతాప సందేశం ఇంకో పక్క ఉంది. ఆమె పదవీకాలం 2028 జూలై వరకు ఉంది. ఈలోగా ప్రతి సెప్టెంబరు 1న యొకోఅమిచో పార్కులో ఆ సందేశం కోసం చూసేవాళ్లు ఉంటారు.